పూటకూళ్లవాని కన్నులు

చదువవలసిన భాగములు: లూకా 10:30–37, నిర్గమ 21:16, 1 తిమోతి 1:10



మంచి సమరయుని కథ మనమందరము చిన్ననాటనుండి వినుచున్నదే. యాజకునిగూర్చియు, లేవీయునిగూర్చియు, సమరయునిగూర్చియు ఎన్నో ప్రసంగములు విన్నాము. పూటకూళ్లవానిగూర్చి మాత్రము ఎవరైన ప్రసంగించినట్లు మాకు జ్ఞాపకము లేదు, మేమును చేయలేదు. సమరయుడు రెండు దేనారములిచ్చి మరునాడు తన దారిని పోయెను. ఆ తరువాత గాయపడినవానిని దినదినము చూచినవాడు ఆ పూటకూళ్లవాడే. ఈ నెల పాఠము అటువంటి పనివారినిగూర్చినది.

మోసముచేతనో, బెదిరింపుచేతనో, అప్పుపేరనో మనుష్యులను చిక్కించుకొని, వారి దేహమును గాని కష్టమును గాని అమ్ముకొనువారు నేటికిని ఉన్నారు. పౌలు వ్రాసిన మనుష్యచోరులు వీరే. ఈ పాపపు వర్తకమునకు గది కావలెను. హోటలు గది ఒక రాత్రికి దొరకును, తెల్లవారి విడిచిపోవచ్చును, ప్రక్కగదిలో ఎవరున్నారో ఎవరికిని పట్టదు. అయినను గది ఊడ్చు ఆమె చూచును, తాళపుచెవి ఇచ్చు గుమాస్తా చూచును, సామాను మోయు కుర్రవాడు చూచును. చూచినదేమో వారికి తెలియకపోవుటయే చిక్కు.

అందుచేత అమెరికా దేశములోని కొన్ని రాష్ట్రములు, హోటలు పనివారికి ఈ సంగతి నేర్పవలెనని యజమానులకు చట్టముచేతనే విధించినవి. కనెక్టికట్ రాష్ట్రము 2016లో ఆ చట్టము చేసెను. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టము ప్రకారము, ఇట్టి బాధితులు ఎదురుపడగల ప్రతి పనివానికిని కనీసము 20 నిమిషములు నేర్పవలెను. రెండేండ్లకొకసారి మరల నేర్పవలెను. ఫ్లోరిడా 2019లో చట్టము చేసి, క్రొత్తగా చేరినవారికి 60 దినములలోగా నేర్పవలెనని చెప్పెను. తప్పిన యజమానికి రోజుకు 2,000 డాలర్ల జుల్మానా పెట్టెను.

వారికి నేర్పునది పెద్ద చదువు కాదు. ఒక పిల్లను ఏది అడిగినను ప్రక్కవాడే జవాబు చెప్పుచున్నాడా? ఆమె గుర్తింపు కాగితములు ఆమెయొద్ద గాక వేరొకనియొద్ద ఉన్నవా? దినములతరబడి గది ఊడ్వనియ్యక, వేళకాని వేళ క్రొత్తక్రొత్తవారు వచ్చిపోవుచున్నారా? అట్లయిన తానుగా పోయి కలహింపక, పైవారికిని పోలీసులకును తెలుపవలెను. తొందరపడి అడిగినయెడల ఆ రాత్రి దెబ్బలు తినునది ఆ పిల్లయే.

20 నిమిషములు చాలునా అని మీరడుగవచ్చును. మాకును సందేహమే. నోరు విప్పిన ఆమెకు పని పోవునను భయముండగా, నేర్పినది నోటిలోనే ఉండిపోవును. అదిగాక బీదవాని వేషమును, పరాయివాని రంగును చూచి అనుమానించుట సులభము. ముఖమును గాక నడతను చూడ నేర్పవలెను. కూతురితో ప్రయాణము చేయు తండ్రిని దొంగగా చూచిన అదియు అన్యాయమే గదా.

ఆ కాలిఫోర్నియాలోనే, ఈ చట్టమునకు చాల ముందు, తెలుగువారమైన మనము తల దించుకొనవలసిన సంగతి జరిగెను. 1999 నవంబరులో బర్క్లీ పట్టణమందు ఒక అద్దె యింటిలో విషవాయువు పీల్చి పదునేడేండ్ల తెలుగు పిల్ల చనిపోయెను. ఆ యింటి యజమాని కృష్ణా జిల్లానుండి పోయి భోజనశాలయు వందలకొలది అద్దె యిండ్లును సంపాదించినవాడు. బీద కుటుంబముల ఆడపిల్లలను తప్పుడు కాగితములతో రప్పించి, వారిచేత పని చేయించుకొని, చెరిపినవాడు. 2001లో నేరమొప్పుకొనగా 8 ఏండ్లకు పైగా చెరసాల శిక్ష పడెను.

ఇది బయటపడినదెట్లు? కొందరు చుట్టిన తివాచీని వ్యానులోనికి ఎక్కించుచుండగా, దానిలోనుండి ఒక కాలు కనబడుట దారిని పోవు ఒక స్త్రీ చూచెను. ఆమె కారు ఆపి, అడ్డుపడి, పోలీసులను పిలిపించెను. పిమ్మట ఆ ఊరి ఉన్నత పాఠశాల పిల్లలు, ఈ యీడు పిల్ల బడికి ఎందుకు రాలేదని విచారించి తమ బడి పత్రికలో వ్రాసిరి. అంతకుముందు ఆ భోజనశాలలో తిన్నవారు, ఆ యిండ్లలో అద్దెకున్నవారు ఎందరు అట్టి పిల్లలను చూచియుండిరో!

మన దేశములో 1956 నాటి చట్టము, తెలిసియుండి తన గదులను ఈ పాపమునకిచ్చు యజమానిని శిక్షించును. హోటలు లైసెన్సును నిలుపవచ్చును. గది ఊడ్చు ఆమెకు నేర్పుమని మాత్రము ఆ చట్టములో లేదు. మేమును సభలకు పోయినప్పుడు లాడ్జిలలో బసచేసితిమి. గది ఊడ్చు ఆమె పేరు ఒక్కసారియైన అడిగినవారము కాము.

మన సంఘములలోనుండి పట్టణపు హోటళ్లకు పనికి పోయినవారున్నారు. వారు క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు ఈ పాఠము చదివి వినిపించుడి. అనుమానము కలిగినప్పుడు 112కు, పదునెనిమిదేండ్లలోపు పిల్లలైన 1098కి ఫోను చేయవచ్చునని చెప్పుడి. హోటలు పనిలోనే చిక్కుపడినవారును ఉందురు గనుక వారినికూడ అడుగుడి: నీ కార్డు ఎవరియొద్ద ఉన్నది? జీతము నీ చేతికే వచ్చుచున్నదా? ఇంటికి రావలెనన్న రానిచ్చుచున్నారా?