అశ్వహృదయం

పాఠ్యభాగ ఉద్దేశం

అశ్వక్రీడల స్వరూపాన్ని, వాటిలోని ప్రధాన విభాగాలను పరిచయం చేయడం, మానవునికీ మూగజీవికీ నడుమ ఉండవలసిన విశ్వాసబంధాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతంలోని నలోపాఖ్యానంలో రమణీయమైన ఒక ఘట్టం ఉన్నది. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో సారథిగా ఉన్న నలుడు ఆ రాజు నుండి అక్షహృదయాన్ని గ్రహించి, దానికి ప్రతిగా అశ్వహృదయాన్ని ఉపదేశించడానికి అంగీకరిస్తాడు. అక్షహృదయం పాచికల మర్మం. అశ్వహృదయం గుర్రం మనసెరిగి నడిపే విద్య. రథాలు పోయినా, యుద్ధాశ్వాలు చరిత్రలో కలిసిపోయినా ఆ విద్య అంతరించలేదు. నేటి అశ్వక్రీడలకు అదే ప్రాణం.

తక్కిన క్రీడలలో ఆటగాని చేతిలో ఉండేది బంతియో, బల్లెమో. వాటికి మనసు లేదు. అశ్వక్రీడలో మాత్రం క్రీడాకారుని సహచరుడు ఒక ప్రాణి. దానికి భయం ఉన్నది, అలసట ఉన్నది, అలుక కూడా ఉన్నది. సుమారు అయిదు వందల కిలోల బరువుండే ఆ ప్రాణిని కేవలం దేహబలంతో లొంగదీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దికి చెందిన గ్రీకు రచయిత, సేనాని జెనొఫోన్ కోపంతో గుర్రాన్ని సమీపించరాదని తన అశ్వవిద్యా గ్రంథంలో బోధించాడు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న మన సామెత కూడా బాధ్యతను రౌతు మీదనే ఉంచింది.

ఒలింపిక్స్‌లో అశ్వక్రీడలకు మూడు విభాగాలున్నాయి. మొదటిది డ్రెస్సేజ్. అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు గల ప్రాంగణంలో గుర్రం నిర్దిష్టమైన గతులను ప్రదర్శిస్తుంది. ఉన్నచోటనే లయబద్ధంగా అడుగులు వేయడం వాటిలో ఒకటి. ఒక్కొక్క గతికి న్యాయనిర్ణేతలు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. రౌతు నోటితో ఆజ్ఞాపించరాదు. పగ్గాల స్పర్శ, కాళ్ల ఒత్తిడి, శరీరభారంలో మార్పు, ఇవే అతని భాష.

రెండవది షో జంపింగ్. ఉన్నత స్థాయి పోటీలలో ఒకటిన్నర మీటరుకు మించిన అవరోధాలను గుర్రం నిర్ణీతకాలంలో దాటాలి. ఒక కొయ్య పడిపోతే నాలుగు దండన పాయింట్లు. గుర్రం కన్నులు తలకు ఇరువైపుల ఉండడం వలన ముఖానికి నేరుగా ముందున్న కొద్దిపాటి చోటు దానికి కనిపించదు. కనుక చివరి క్షణంలో ఆ దూకుడుకు ఆధారం చూపు కాదు, రౌతుపై నమ్మకమే.

మూడవది ఈవెంటింగ్. ఇది ఒకప్పటి సైనికాశ్వానికి పెట్టిన పరీక్ష. క్రమశిక్షణను డ్రెస్సేజ్, ధైర్యాన్ని, దమ్మును వాగులు, గోతులు, స్థిరమైన దుంగలు దాటే క్రాస్ కంట్రీ, అంత శ్రమ తరువాత కూడా మిగిలే చురుకుదనాన్ని జంపింగ్ పరీక్షిస్తాయి. ఒకే గుర్రం, ఒకే రౌతు ఈ మూడింటిలో పాల్గొనాలి. చివరి ఘట్టానికి ముందు గుర్రాన్ని పరీక్షించి, కుంటుతున్నదానిని పోటీ నుండి తప్పిస్తారు.

ఈ మూడు విభాగాలూ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో చోటు చేసుకున్నాయి. చిరకాలం వీటిపై సైన్యాధికారులదే పెత్తనం. 1948లో డ్రెస్సేజ్ జట్టు స్వర్ణం గెలిచిన స్వీడన్, తన జట్టులో ఒకడు నిజమైన అధికారి కాడన్న కారణంగా మరుసటి ఏడాది ఆ పతకాన్ని కోల్పోయింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ నాటికి ఆ నియమం తొలగింది; అదే జట్టు మరల స్వర్ణం గెలిచింది. ఆ ఏడే డ్రెస్సేజ్‌లో స్త్రీలకూ ప్రవేశం లభించింది. డెన్మార్క్ వనిత లిజ్ హార్టెల్ పోలియో సోకి మోకాళ్ల దిగువ చచ్చుబడినా, జూబిలీ అనే గుర్రంపై రజత పతకం సాధించింది. గుర్రమెక్కడానికి, దిగడానికి ఆమెకు ఇతరుల సాయం కావలసి వచ్చేది. జీను మీద కూర్చున్న తరువాత ఆమె కాళ్లు పలకని భాషను శరీరభారంతోనే జూబిలీ గ్రహించింది. 1956లోనూ ఆమె రజతం గెలుచుకున్నది. నేడు ఈ క్రీడలలో స్త్రీపురుషులు ఒకే పోటీలో సమానంగా తలపడుతున్నారు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘువీర్ సింగ్ ఈవెంటింగ్‌లో వ్యక్తిగత స్వర్ణం సాధించాడు. 2018 జకార్తా క్రీడలలో ఫవాద్ మీర్జా అదే విభాగంలో రజతం గెలిచాడు. 2023లో హాంగ్‌ఝౌలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా డ్రెస్సేజ్ జట్టు స్వర్ణాన్ని భారతదేశానికి తెచ్చారు.

విశ్వాసం లేని చోట ఏమి జరుగుతుందో 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ చూపింది. ఆధునిక పెంటాథ్లాన్ అనే వేరొక క్రీడలో అపరిచితమైన గుర్రాన్ని చీటీ ద్వారా కేటాయించేవారు. పరిచయానికి దక్కేది ఇరవై నిమిషాలే. అక్కడ ఒక గుర్రం దూకడానికి నిరాకరించగా శిక్షకురాలు దానిని కొట్టింది. లోకమంతా నిరసించింది. 2024 పారిస్ ఒలింపిక్స్ తరువాత ఆ క్రీడ నుండి గుర్రపు స్వారీని తొలగించారు. మూగజీవి నిరాకరణ కూడా ఒక మాటయే. దానిని ఆలకించగల రౌతుకే అశ్వహృదయం తెలిసినట్లు.

కఠిన పదాలు – అర్థాలు

అక్షము = పాచిక
గతి = నడక తీరు
రౌతు = గుర్రపు స్వారీ చేసేవాడు
అవరోధం = అడ్డంకి

ప్రశ్నలు

1. అశ్వక్రీడలలోని మూడు విభాగాలను వివరించండి.
2. లిజ్ హార్టెల్ విజయంలోని విశిష్టత ఏమిటి?
3. ‘మూగజీవి నిరాకరణ కూడా ఒక మాటయే’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.