ఏడు దినముల గడువు

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నమునకు సమీపమున మాకవరపాలెము అను గ్రామము కలదు. అది మండల కేంద్రము. 2022వ సంవత్సరము వఱకు ఆ ప్రాంతము విశాఖపట్నము జిల్లాలో ఉండెడిది. ఊరి చుట్టును పంటపొలములు. నర్సీపట్నము దాటినచో మన్యపు కొండలు. తొలకరి చినుకులు పడినంతనే రైతుల హృదయములు ఉప్పొంగును. చెఱువులు నిండును. నారుమళ్లు పచ్చబడును. కాని ఆ వాననీటికై మఱియొక ప్రాణి కూడ వేచియుండును. అది దోమ. గట్టిగా ఊదినచో ఎగిరిపోవు ఈ ప్రాణి ఊరినంతటిని మంచము పట్టింపగలదు.

పూర్వము మైదానమువారు మన్యమునకు పోవుటకు జంకెడివారు. అచట చలిజ్వరము మెండు. దానికి మన్యపు జ్వరమని పేరు. కొండనీరు, కొండగాలి దానికి కారణములని పలువురు తలచిరి. ఐరోపావారును ఇట్లే భ్రమపడిరి. 'మలేరియా' అను ఇటలీ మాటకు 'చెడుగాలి' అని అర్థము.

ఈ భ్రమ తొలగుటకు తెలుగునేలయే తావైనది. సికిందరాబాదులో సైన్యవైద్యుడుగా ఉన్న రొనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమలను కోసి, సూక్ష్మదర్శినితో ఓపికగా పరీక్షించుచుండెను. కుట్టిన దోమ ఒక్కొక్కదానికి ఆ రోగికి ఒక్కొక్క అణా చొప్పున ఇచ్చెను. 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమి ఆయన కంటబడెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరిశోధనలు జరిపి, దోమకాటు వలననే ఆ క్రిమి వ్యాపించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

శత్రువు ఎవరో తెలిసినది. ఇక దాని బలహీనత తెలియవలెను. మనుష్యులను కుట్టునది ఆడుదోమ మాత్రమే. గ్రుడ్లు పెట్టుటకు దానికి రక్తము కావలెను. మగదోమ పూలతేనెతోను, చెట్ల రసములతోను తృప్తిపడును. ఆడుదోమ నిలువనీటిలోగాని నీటి అంచునగాని గ్రుడ్లు పెట్టును. వానినుండి సన్నని పురుగులు వెలువడి నీటిలో కదలాడును. అవి గాలికొఱకు మాటిమాటికి నీటిపైకి వచ్చును. పిమ్మట గూటిపురుగులై, తుదకు రెక్కలు వచ్చి ఎగిరిపోవును. వెచ్చని దినములలో ఈ మార్పులన్నియు జరుగుటకు ఏడు మొదలు పది దినములు పట్టును. ఆ లోపల నీటిని పాఱబోసినచో దోమ పుట్టనే పుట్టదు. రెక్కలు వచ్చిన దోమలను వెంటాడుట కష్టము. రెక్కలు లేని పురుగులను పాఱబోయుట సులభము.

అన్ని దోమలును ఒకే నీటిని కోరవు. మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ దోమలు కొండవాగుల యంచులను, పొలముల లోని తేటనీటిని ఆశ్రయించును. అవి రాత్రివేళ కుట్టును. బోదకాలు వ్యాధిని తెచ్చు క్యూలెక్స్ దోమలకు మురుగుకాలువలు ప్రియమైనవి. డెంగీని వ్యాపింపజేయు ఏడిస్ దోమకు తెల్లని చారలుండును. అది పగటివేళ కుట్టును. కుండీలు, పాతటైర్లు, కొబ్బరిచిప్పలు, వాడుకలో లేని రోళ్లు దానికి నివాసములు. అది పుట్టిన చోటునుండి సాధారణముగా కొన్ని వందల గజములకు మించి పోదు. కావున ఒక వీధివారిని కుట్టు ఏడిస్ దోమ ఆ వీధిలోనో, ప్రక్కవీధిలోనో పుట్టినదే.

మందులు చల్లినచో చాలునుగదా యని కొందరు తలపవచ్చును. దీనికి మన దేశచరిత్రయే సమాధానము చెప్పును. 1947లో భారతదేశమున సుమారు ఏడున్నర కోట్లమంది మలేరియాతో బాధపడిరనియు, ఎనిమిది లక్షలమంది మరణించిరనియు అంచనా. 1953లో ప్రభుత్వము జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించెను. ఇండ్లగోడలపై డి.డి.టి. చల్లించిరి. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగినది, మరణములు లేకపోయెను. వ్యాధి నశించినదని దేశము సంతోషించెను. కాని కావలి సడలెను. దోమలు మందునకు లొంగకుండుట నేర్చినవి. 1976లో రోగుల సంఖ్య అఱువదినాలుగు లక్షలకు పెరిగెను. మందు అవసరమే, అయితే మందును నమ్మి నీటిని మఱచుట ప్రమాదము.

కావుననే ఆంధ్రప్రదేశమున వారమునకొక దినమును, శుక్రవారమును, 'పొడిదినము'గా పాటింపుడని ఆరోగ్యశాఖవారు బోధించిరి. ఆ దినమున నీటితొట్లను, గోలెములను ఖాళీచేసి ఆరబెట్టవలెను. నీరు పాఱబోసిన మాత్రమున చాలదు. ఏడిస్ దోమ గ్రుడ్లు తొట్టి గోడలకు అంటుకొని నెలల తరబడి ఎండిపోక నిలిచి, నీరు తగులగనే పొదుగును. కావున గోడలను గట్టిగా తోమవలెను. పశువుల కుడితితొట్లను కూడ మఱవరాదు. పాఱబోయ వీలుకాని మురుగుగుంటలలో వాడిన నూనె పోసినచో, ఆ నూనెపొర క్రింద పురుగులు గాలి యందక చచ్చును. చెఱువులలో దోమపురుగులను తిను గంబూసియా చేపలను ఆరోగ్యశాఖవారు విడుతురు. ఆ చేపలు వాగులలోని చేపలకు హాని చేయును. కావున ఎవరికి వారు వానిని వాగులలో విడువరాదు.

రాత్రివేళ దోమతెర కట్టుకొనవలెను. జ్వరము వచ్చినచో జాగుచేయక రక్తపరీక్ష చేయించుకొనవలెను. అనాఫిలిస్ దోమ పుట్టుకతో మలేరియాను తేదు. రోగిని కుట్టిన పిదపనే దానికి ఆ క్రిమి అబ్బును. రోగికి త్వరగా మందు లభించినచో, ఇరుగుపొరుగువారికి కూడ రక్షణ కలుగును.

ఒక్క యింటివారు శుభ్రముగా ఉండి, ప్రక్కయింటి పెరటిలో పాతటైరు నీటితో నిండియున్నచో ప్రయోజనము లేదు. దోమకు గోడలు అడ్డుగావు. మాకవరపాలెము వంటి ఊళ్లలో వానకాలమునందు ప్రతి వీధివారును ఒకే దినమున, ఒకే గంటలో ఈ పనికి పూనుకొనవలెను. బడిపిల్లలు ఇల్లిల్లు తిరిగి నీటితొట్లను పరిశీలించినచో పెద్దలకును పట్టుదల కలుగును. దోమకు కావలసినది ఏడు దినముల గడువు. దానిని ఈయకుండుట ఊరివారి చేతులలోనే యున్నది.