ఆధునిక రంగశాల – రవీంద్రభారతి

ఉపోద్ఘాతం

మీరు పుదుచ్చేరి దగ్గరి బాహూరులో ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకుందాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. గుడి ఉత్సవాల్లో రాత్రంతా జరిగే తెరుక్కూత్తు మీరు చూసే ఉంటారు. ఆ ఆటకు వేరే భవనమంటూ లేదు. వీధే రంగస్థలం. వెనకవాళ్లకు వినపడకపోతే ముందుకు జరుగుతారు, కనపడకపోతే పక్కింటి అరుగెక్కుతారు. పుదుచ్చేరి పట్టణంలోని కంబన్ కలైఅరంగం వంటి హాలుకు వెళితే ఆ వీలు ఉండదు. మీకు దొరికిన కుర్చీలోనే చివరిదాకా కూర్చోవాలి. అంటే, మీరెక్కడ కూర్చున్నా కనపడేటట్లు, వినపడేటట్లు చూసే పూచీ ఆ భవనం కట్టినవారి మీద పడిందన్నమాట.

ఆ పూచీని ఆధునిక రంగశాల ఏ విధంగా నెరవేరుస్తుందో ఈ పాఠంలో తెలుసుకుంటారు. తెలుగువారికి బాగా పరిచితమైన హైదరాబాదు రవీంద్రభారతిని ఉదాహరణగా తీసుకున్నాం. పాఠం పూర్తయ్యేసరికి మీరు దాని చరిత్ర చెప్పగలగాలి. చూపు, వినికిడి హాలు ఆకారాన్ని ఎలా నిర్ణయిస్తాయో వివరించగలగాలి. మీకు దగ్గరలో ఉన్న ఒక హాలును స్వయంగా పరీక్షించగలగాలి. చిన్న లెక్కలు రెండు మూడు వస్తాయి. కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకోండి.

1. పాక నుంచి భవనానికి

ఆధునిక తెలుగు నాటకం పుట్టింది భవనంలో కాదు, పాకలో. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమండ్రి వచ్చి నాటకాలాడి వెళ్లిపోయారు. వారు వదిలివెళ్లిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులు తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి కుటుంబాలవారు మరో మార్గం పట్టారు. తెరలు, పందిరి, సామాను వెంట తీసుకొని ఊరూరా తిరిగారు. రంగశాలే వారితో ప్రయాణం చేసింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయింది. కొద్ది కాలానికే రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి వచ్చింది. ఆయన పుట్టింది 1861 మే 7న. ఆ సందర్భంగా దేశంలోని పలు నగరాల్లో ఆయన పేరుతో రంగశాలలు కట్టించాలని తలపెట్టారు. చండీగఢ్‌లోని ఠాగూర్ థియేటర్, బెంగళూరులోని రవీంద్ర కళాక్షేత్ర, కలకత్తాలోని రవీంద్ర సదన్, అహమ్మదాబాదులో బాలకృష్ణ దోషి రూపొందించిన ఠాగూర్ హాలు ఈ కోవలోవే. కవి పేరున విగ్రహం పెట్టి ఊరుకోకుండా నాటకశాల కట్టడం మంచి ఆలోచన. ఠాగూర్ స్వయంగా నాటకకర్త, నటుడు కూడా.

హైదరాబాదులో 1960 మార్చి 23న హుమాయూన్ కబీర్ శంకుస్థాపన చేశారు. వాస్తుశిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్. 1961 మే 11న, అంటే శతజయంతి దినానికి నాలుగు రోజుల తరువాత, నాటి ఉపరాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. పద్నాలుగు నెలలైనా పట్టలేదు. బెంగళూరు కళాక్షేత్ర 1963లో, కలకత్తా రవీంద్ర సదన్ 1967లో తెరుచుకున్నాయని గుర్తుచేసుకుంటే ఈ వేగం మీకు అర్థమవుతుంది.

సైఫాబాదులో శాసనసభకు సమీపంలో ఉన్న ఈ హాలులో సుమారు వెయ్యిమంది కూర్చోవచ్చు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక అది ఆ రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ఆధీనంలోకి వచ్చింది. అదే ఆవరణలో, కరీంనగర్‌లో పుట్టి హిందీ చిత్రాల్లో పేరు తెచ్చుకున్న పైడి జైరాజ్ పేరున ఒక చిన్న ప్రదర్శనశాల కూడా ఏర్పడింది.

2. కంటికి ఆనాల్సిన దూరం

వెయ్యిమందికి హాలు కట్టాలంటే మొదటి చిక్కు దూరం. ఇది కొత్తగా వచ్చిన సమస్య కాదు. భరతుడు నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో నాట్యగృహాలకు 108, 64, 32 హస్తాలని మూడు కొలతలు చెప్పాడు. మనుషులకు నడిమిదే మేలన్నాడు. మరీ పెద్దదైతే మాట స్పష్టంగా వినపడదు, ముఖంలో భావం కనపడదు అని ఆయన చెప్పిన కారణం.

లెక్క వేసి చూడండి. హస్తం అంటే అడుగున్నర. నడిమి గృహం పొడవు 64 హస్తాలు, అంటే 96 అడుగులు. వెడల్పు 48 అడుగులు. అందులో సగం ప్రేక్షకులకు. కాబట్టి చివర కూర్చున్నవాడు రంగస్థలానికి 48 అడుగుల దూరంలో, అంటే 15 మీటర్ల లోపే ఉంటాడు. నేటి రూపశిల్పులు మాటల నాటకానికి చివరి వరుస సుమారు 20 మీటర్లు దాటకూడదంటారు. వేల ఏళ్లయినా మనిషి కన్ను మారలేదు మరి!

అయితే 48 అడుగుల చదరంలో ఈనాటి కుర్చీలు వేస్తే ఎందరు పడతారు? దాని వైశాల్యం సుమారు 214 చదరపు మీటర్లు. నడవాలతో కలిపి మనిషికి 0.75 చదరపు మీటరు చొప్పున 285 మంది. వెయ్యిమంది కావాలంటే ముందు మూడు దారులున్నాయి: హాలును వెనక్కి పొడిగించడం, విసనకర్రలాగా పక్కలకు విప్పడం, పైన బాల్కనీ వేయడం. పొడిగిస్తే ముఖాలు చిన్నవవుతాయి. విప్పితే పక్క కుర్చీలవారికి రంగస్థలం ఏటవాలుగా కనపడుతుంది. బాల్కనీ వేస్తే పైవారికి నటుల నడినెత్తి, కిందివారికి నెత్తిన బరువైన కప్పు. ఏ హాలైనా ఈ మూడు నష్టాల మధ్య బేరమే.

దూరం కుదిరినా అడ్డు తొలగాలి. ముందువాని తలమీదుగా చూపు సాగాలంటే, వెనక వరుసవాని చూపురేఖ ముందువాని కంటి మట్టానికి దాదాపు 12 సెంటీమీటర్ల పైగా పోవాలి. అందుకే నేల వెనక్కిపోయే కొద్దీ ఎత్తవుతుంది. చదునైన నేలమీద కుర్చీలు వేసిన కల్యాణమండపంలో కూచిపూడి నృత్యం చూస్తే నర్తకి పాదాలు మొదటి రెండు వరుసలకే దక్కుతాయి. పళ్లెం అంచుల మీద తరంగం ఆడుతున్నప్పుడు ఇదెంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

3. చెవికి అందాల్సిన మాట

ఇక్కడ ఒక సంఘటన తెలుసుకోవాలి. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఒక్క మాటా అర్థం కాలేదు. పలికిన పదం సుమారు ఐదున్నర సెకన్లు గోడల మధ్య తిరుగుతూనే ఉండేది. ఈలోపు వక్త మరో పదిహేను పదాలు పలికేసేవాడు. కారణం కనుక్కోమని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి కోరారు. ఆయన రాత్రివేళల్లో, పక్క థియేటరు నుంచి తెచ్చిన కుర్చీల మెత్తలు ఒక్కొక్కటీ హాలులో పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, ధ్వని ఎంతసేపటికి ఆగుతుందో గడియారంతో కొలిచాడు. మెత్తలు పెరిగిన కొద్దీ ధ్వని త్వరగా ఆగింది.

మూలధ్వని ఆగాక కూడా హాలులో నిలిచే ధ్వనిని ప్రతినాదం అంటారు. అది ఆగడానికి పట్టే కాలం హాలు ఘనపరిమాణాన్ని 0.16తో గుణించి, మొత్తం శోషణంతో భాగిస్తే వస్తుంది. శోషణం అంటే గోడలు, తెరలు, మనుషులు కలిసి ధ్వనిని ఎంత పీల్చుకుంటారన్నది. మాటల నాటకానికి ఈ కాలం ఒక సెకను ఉంటే చాలు. వాద్యబృందానికి రెండు సెకన్ల దాకా బాగుంటుంది.

ఒక ఊహాహాలు తీసుకుందాం. వెయ్యిమందికి తలా 6 ఘనపు మీటర్ల చొప్పున 6000 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు శోషణం 480 చదరపు మీటర్లు అనుకోండి. 0.16 × 6000 ÷ 480 = 2 సెకన్లు. వెయ్యిమందీ వచ్చి కూర్చుంటే మనిషికి దాదాపు అర చదరపు మీటరు చొప్పున మరో 480 చేరుతుంది. అప్పుడు ఒక్క సెకను. అంటే పగలు రిహార్సల్లో విన్న గొంతు రాత్రి ప్రదర్శనలో ఉండదు. ఈ తేడా తగ్గించడానికే మెత్తని కుర్చీలు వేస్తారు. ఖాళీ కుర్చీ కూడా ఇంచుమించు మనిషంత ధ్వని పీల్చుకోవాలని ఉద్దేశం. మెత్తలు సుఖం కోసమే అనుకునేవారు ఈ విషయం గమనించాలి.

పద్యనాటకానికి మాత్రం చిక్కు వస్తుంది. పద్యం చివర రాగాలాపనకు కొంత ప్రతినాదం అందాన్నిస్తుంది. వెంటనే వచ్చే సంభాషణకు అదే అడ్డమవుతుంది. రెండింటికీ సరిపోయే హాలు ఉండదు, మధ్యస్థంగా ఎంచుకోవాలి.

ప్రతిధ్వని వేరు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వెళ్లి తిరిగివచ్చిన ధ్వని సెకనులో పదోవంతు ఆలస్యమైతే చెవికి విడిగా తెలుస్తుంది. కాబట్టి రంగస్థలానికి 17 మీటర్లకు మించిన దూరంలో నున్నటి వెనకగోడ ఉంటే నటుడు పలికిన మాట అతనికే రెండోసారి వినపడుతుంది. ఆ గోడను మెత్తటి పలకలతో కప్పాలి, లేదా గరుకుగా, ముక్కలుముక్కలుగా కట్టాలి.

పాఠ్యగత ప్రశ్నలు
(అ) 3000 ఘనపు మీటర్ల హాలులో శోషణం 400 చదరపు మీటర్లయితే ప్రతినాద కాలం ఎంత?
(ఆ) భరతుడు పెద్ద నాట్యగృహాన్ని ఎందుకు వద్దన్నాడు?

4. తెర వెనక

ప్రేక్షకుడికి కనపడేది తోరణంలోపలి భాగమే. కానీ తెరలను మడవకుండా పైకి లాగి దాచాలంటే రంగస్థలంపైన తోరణానికి కనీసం రెండున్నర రెట్ల ఎత్తు కావాలి. రెండుపక్కలా వింగుల వెనక నటులు నిలబడే చోటు, వెనక మేకప్ గది, సామాను దించుకునే ద్వారం అవసరం. సురభివారు తీగలమీద పాత్రలను ఎగరేసే దృశ్యాలకు ఆ పై ఎత్తే ఆధారం. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందుగా కోసేసేది కూడా ఈ ఎత్తునే, పైనుంచి ఎవరికీ కనపడదు గనుక.

5. పెద్ద హాలా, సరిపడే హాలా?

నగరాల్లో హాళ్లు పెరుగుతూ వచ్చాయి. మాదాపూర్‌లోని శిల్పకళావేదికలో సుమారు 2500 మంది పడతారు. మైకు ఉంది కదా అంటారు. మైకు గొంతును చేరవేస్తుంది, కనురెప్పను చేరవేయలేదు. పెద్ద హాలుకు తగిన అద్దె, కరెంటు, ఏసీ ఖర్చు ఉంటాయి. రెండువందల మంది చూసే ఒక చిన్న సమాజపు నాటకం వాటిని మోయలేదు. సన్మానసభకు మోయగలిగినవారు దొరుకుతారు. అందుకే నాటకానికని కట్టిన హాళ్లలో శాలువాలు ఎక్కువగా కనపడతాయి. ఈ పాఠకర్త అభిప్రాయంలో బాహూరు వంటి ఊళ్లకు కావలసింది భరతుని నడిమి కొలత: మూడువందల కుర్చీలు, వాలు నేల, మైకు లేకున్నా మాట అందే గోడలు.

కృత్యం

మీ ఊరి కల్యాణమండపం గానీ, పాఠశాల హాలు గానీ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి. వేదిక మీద నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం ఎన్ని సెకన్లు నిలిచిందో గడియారంలో చూసి రాసుకోండి. హాలు నిండుగా ఉన్న రోజు, కార్యక్రమం మొదలుకాకముందు మళ్లీ కొట్టండి. తరువాత చివరి వరుసలో కూర్చుని, వేదికమీది మిత్రుణ్ణి మైకు లేకుండా ఒక పద్యం చదవమనండి. ఏ అక్షరాలు పోయాయో గుర్తించండి. గోడలకు దుప్పట్లు వేలాడదీసి ఇంకొకసారి వినండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు
(అ) 0.16 × 3000 ÷ 400 = 1.2 సెకన్లు.
(ఆ) మాట స్పష్టంగా వినపడదు, ముఖంలోని భావం కనపడదు.