పాస్‌వర్డు సరైనదే – అయినా తెరుచుకోని లినక్సు

ప్రాజెక్టు రికార్డు ఇవ్వవలసిన వారంలోనే ఈ జబ్బు వస్తుంది. పేరు కొడతాం, పాస్‌వర్డు కొడతాం. తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ అదే లాగిన్ తెర ప్రత్యక్షమవుతుంది. పక్కవాడి సలహా సిద్ధం: "ఫార్మాట్ కొట్టెయ్, పోతుంది!" నిజమే, పోతుంది – జబ్బుతోపాటు యేడాదిపాటు చేసిన పని కూడా. అంచేత ఫార్మాటు జోలికి పోకముందు చూడవలసినవి కొన్ని వున్నాయి.

1969లో బెల్ లేబొరేటరీస్‌లో మొదలైన యూనిక్సు పద్ధతిలో, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి లినక్సును రాశాడు. మన దేశంలో సి-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా తయారుచేసిన 'బాస్' 2007లో వెలువడింది. ఆ సంస్థ హైదరాబాదు కేంద్రం మన శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లోనే, శ్రీశైలం రోడ్డు హార్డ్‌వేర్ పార్కులో వుంది. ఇక్కడ చెప్పేది బాస్‌కీ, డెబియన్‌కీ, ఉబుంటుకీ వర్తిస్తుంది.

రెండు తలుపులు

విమానాశ్రయంలో గుమ్మం దగ్గర టిక్కెట్టూ గుర్తింపు కార్డూ చూస్తారు. అది దాటినంత మాత్రాన విమానమెక్కినట్టు కాదు గదా! లినక్సులోనూ అంతే. మొదటి తలుపు దగ్గర పాస్‌వర్డు సరిచూస్తుంది. రెండో తలుపు మన హోమ్ ఫోల్డరు. డెస్క్‌టాప్ మొదలవాలంటే అందులో కొన్ని చిన్న ఫైళ్ళు రాయగలగాలి. "పాస్‌వర్డు తప్పు" అంటే చిక్కు మొదటి తలుపు దగ్గర. యేమీ అనకుండా వెనక్కి పంపితే సాధారణంగా రెండోదాని దగ్గర.

చెయ్యవలసినవి

1. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయితే మీ ఖాతా క్షేమం, ఫైళ్ళూ సాధారణంగా క్షేమమే. ముందు వాటిని పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోండి.

2. 'డి.ఎఫ్. -హెచ్' కమాండు ఇవ్వండి. డిస్కు 100 శాతం నిండివుంటే డెస్క్‌టాప్ రాసుకోటానికి జాగా లేదన్నమాట. అక్కరలేని డౌన్‌లోడ్లు తీసెయ్యండి.

3. 'ఎల్.ఎస్. -ఎల్.ఎ.' ఇచ్చి, చుక్కతో మొదలయ్యే 'ఎక్స్ అథారిటీ' ఫైలు యెవరి పేర వుందో చూడండి. 'సుడో'తో బొమ్మల ప్రోగ్రాములు నడిపితే ఒక్కోసారి అది రూట్ సొత్తయిపోతుంది. 'సుడో' పెట్టి 'సి.హెచ్.ఓ.డబ్ల్యు.ఎన్.' కమాండుతో మళ్ళీ మీ పేర రాయించండి.

4. చుక్క 'ప్రొఫైల్' ఫైల్లో ఈమధ్య యేదైనా పంక్తి చేర్చారా? చెరపకుండా ఫైలు పేరు మార్చి చూడండి.

5. 'సుడో యాడ్‌యూజర్'తో కొత్త ఖాతా తెరవండి. అది డెస్క్‌టాప్‌లోకి వెళితే దోషం పాత హోమ్ ఫోల్డరులోనిదే. అదీ వెళ్ళకపోతే డిస్‌ప్లే మేనేజరునో గ్రాఫిక్స్ డ్రైవరునో అనుమానించాలి. 'జర్నల్‌సిటిఎల్ -బి' ఆ బూటు నాటి చిట్టా చూపిస్తుంది.

ఒక హెచ్చరిక

'యూజర్‌మాడ్'తో ఖాతాను కొత్త గ్రూపులో చేర్చేటప్పుడు పెద్ద 'జి'కి ముందు చిన్న 'ఎ' తప్పక వుండాలి. లేకపోతే కొత్త గ్రూపు మిగిలి, పాత అదనపు గ్రూపులన్నీ పోతాయి. అందులో 'సుడో' కూడా వుంటే మిషను మీద మీ అధికారమే పోతుంది! ల్యాబు మిషన్లలో మాత్రం ఇన్‌చార్జిగారిని అడక్కుండా పరుల ఖాతా ముట్టుకోకూడదు.

మిత్రులారా! తాళం పట్టేసిందని యిల్లు పడగొట్టుకోం గదా. చాలాసార్లు చెడేది ఒక్క చిన్న ఫైలే. అదేదో వెతికి పట్టుకోటం నేర్చుకుంటే ఆ రోజుకు మన రికార్డూ దక్కుతుంది, రేపు పదిమందికీ సాయపడగలం.