నేరుగా బావినీటితో చల్లబడే పాత డీజిల్ ఇంజన్లకు తగిన థర్మోస్టాట్ ఎంపిక

సారాంశం

పంపుసెట్టు తోడే నీటితోనే చల్లబడే పాత డీజిల్ ఇంజన్‌కు థర్మోస్టాట్ ఎంపికలో ఇంజన్ తయారీ ఎంత ముఖ్యమో, అందులో పారే నీటి స్వభావమూ అంతే ముఖ్యం. కఠిన జలం గల కోస్గి వంటి మెట్ట ప్రాంతాలకు 50–60 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకొనే మైనపు రకం థర్మోస్టాట్ అనువైనది. అందుకు గల కారణాలు, ఎంపిక విధానం, పరీక్షించే పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడినవి.

పరిచయం

నారాయణపేట జిల్లాలోని కోస్గి పరిసరాలు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన గ్రానైటు మెట్ట భూములు. మోట కనుమరుగై, విద్యుత్తు ఇంకా పొలానికి చేరని కాలంలో ఇటువంటి ప్రాంతాల బావులకు డీజిల్ ఇంజన్లు పెద్ద ఆధారం. 2018 జనవరి 1 నుండి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా మొదలైన తరువాత వాటి అవసరం తగ్గినది. అయినను లైను లేని వాగు ఒడ్డున, నీటికుంట వద్ద పాత ఇంజన్ నేటికీ అక్కరకు వచ్చే సాధనమే.

ఈ ఇంజన్లలో అధిక భాగానికి రేడియేటరు ఉండదు. డెలివరీ పైపు నుండి తీసిన చిన్న పాయ నీటి జాకెట్ గుండా పారి బయటకు పోతుంది. సముద్రపు నీటితో నేరుగా చల్లబడే పాత పడవ ఇంజన్లదీ ఇదే విధానం. రెండింటిలోనూ నీరు శుద్ధి కాకుండానే ఇంజన్‌లోకి చేరుతుంది. సమస్య మూలం అక్కడే ఉన్నది.

అతిగా చల్లబడినచో నష్టం

5 అశ్వశక్తి, అనగా 3.7 కిలోవాట్ల ఇంజన్ పూర్తి భారంపై గంటకు సుమారు 0.9 కిలోల డీజిల్ వాడుతుందనుకొందాం. ఇంధనంలోని శక్తిలో దాదాపు నాలుగో వంతు, అనగా 3 కిలోవాట్లకు సమీపంగా, చల్లబరచే నీటిలోకి చేరుతుంది. లోనికి వచ్చే నీరు 28 డిగ్రీలు, బయటకు పోయే నీరు 60 డిగ్రీలు ఉండవలెనన్న నిమిషానికి సుమారు 1.3 లీటర్ల నీరు చాలును. 10 లీటర్ల బకెట్టు నిండుటకు ఏడున్నర నిమిషాలు పట్టవలెను. కాక్ పూర్తిగా తెరచి ఉంచినప్పుడు అదే బకెట్టు రెండు నిమిషాలలో నిండినచో, బయటి నీరు 40 డిగ్రీలు కూడా దాటదు.

చల్లని లైనరు గోడ వద్ద ఇంధనం పూర్తిగా మండదు. మండని డీజిల్ నూనె పొరను కడిగి, క్రమంగా నూనెను పలుచన చేస్తుంది. ఇంధనంలోని గంధకం నుండి ఏర్పడే ఆమ్లం గోడపై ఘనీభవించి లైనరును, రింగులను అరగదీస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నదని రైతు సంతోషించుచుండగానే డీజిల్ ఖర్చు పెరుగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది.

అతిగా వేడెక్కినచో నష్టం

కఠిన జలంలోని కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బనేటుగా పేరుకొంటుంది. నీటి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటిన కొలదీ ఈ చర్య వేగవంతమవుతుంది. లోహపు గోడ నీటికంటే వేడిగా ఉండుటచేత పొర మొదట అక్కడే కడుతుంది. ఒక మిల్లీమీటరు సున్నపు పొర ఉష్ణాన్ని అడ్డగించుటలో 25 మిల్లీమీటర్లకు పైబడిన పోత ఇనుముతో సమానం. మోటారు వాహనాలకు వాడే 82 డిగ్రీల థర్మోస్టాట్ మూసిన వలయంలో తిరిగే శుద్ధ జలానికి ఉద్దేశించినది. దానిని ఇక్కడ అమర్చినచో అది సున్నపు పొరను పెంచే సాధనమవుతుంది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

1. ఉష్ణోగ్రత: థర్మోస్టాట్ అంచుపై ముద్రించిన సంఖ్య సాధారణంగా తెరుచుకొనుట ఆరంభమయ్యే ఉష్ణోగ్రత. పూర్తిగా తెరుచుకొనుటకు మరో 10–15 డిగ్రీలు కావలెను. కావున నీటి కాఠిన్యం ఎక్కువైనచో 50 డిగ్రీలకు, తక్కువైనచో 60 డిగ్రీలకు చేరువగా ఎంచుకొనవలెను.

2. రకం: పాత ముడతల గొట్టపు రకం నీటి పీడనానికి లోనై తప్పు ఉష్ణోగ్రత వద్ద తెరుచుకొనవచ్చును. డెలివరీ పైపులో ప్రతి 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పీడనం ఉండును గనుక మైనపు రకమే మేలు. అయితే మైనం కారిపోయినచో అది మూసుకొనియే ఉండిపోతుంది. ఏటా పరీక్ష తప్పనిసరి.

3. చిన్న రంధ్రం: థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు కూడా కొద్దిపాటి నీరు కదలుటకు, గాలి బయటపడుటకు పలకలో రంధ్రమో, పక్కదారియో ఉండవలెను. లేనిచో హెడ్‌లో ఆవిరి నిలిచి, వేడినీరు మైనపు కోశాన్ని తాకదు.

4. అమరిక: కోశం ఇంజన్ వైపు ఉండవలెను. అంచు కొలత గూటికి సరిపోవలెను.

పరీక్షించే విధానం

థర్మోస్టాట్‌ను దారంతో గిన్నెలోని నీటిలో అడుగు తాకకుండా వ్రేలాడదీసి, పక్కన ఉష్ణమాపకం ఉంచి నెమ్మదిగా వేడిచేయవలెను. తెరుచుకొన మొదలైన ఉష్ణోగ్రతను, పూర్తిగా తెరుచుకొన్న ఉష్ణోగ్రతను, చల్లారినప్పుడు మూసుకొనుటను నమోదు చేయవలెను. కొత్త దానిని కూడా ఇట్లు పరీక్షించియే బిగించవలెను.

విస్తరణ సిబ్బందికి సూచన

ఇంజన్ వేడెక్కగానే థర్మోస్టాట్‌ను తీసిపారవేయుట గ్రామాలలో సులువైన చికిత్స. దోషం జాకెట్‌లోని సున్నపు పొరలో ఉన్నచో, థర్మోస్టాట్ తీసినందువలన అది పోదు. నీరు చల్లగా కనిపించినా గోడ వేడిగానే ఉండును. మొదట జాకెట్ శుభ్రపరచి, పిమ్మట థర్మోస్టాట్ ఎంచుకొనుట సరియైన క్రమం. గూడు లేని ఇంజన్లకు కాక్‌ను సవరించి, బయటి నీరు 55–60 డిగ్రీల మధ్య ఉండునట్లు చూడవచ్చును. బావి ఎండి పంపు గాలి పీల్చినచో ఏ థర్మోస్టాట్ కూడా ఇంజన్‌ను కాపాడదు. అప్పుడు వెంటనే ఆపి, తనంతట చల్లారనీయవలెను. కాగిన హెడ్‌పై చన్నీరు పోసినచో పగుళ్ళు వచ్చును.

క్షేత్ర సందర్శనకు వెళ్ళే శాస్త్రవేత్త వెంట ఒక ఉష్ణమాపకం, ఒక బకెట్టు, ఒక గడియారం ఉన్నచో ఈ నిర్ధారణ అంతయు పొలం గట్టుననే పూర్తి చేయవచ్చును.