పుస్తకమే బాగుందని ముందే అనకండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లల్లో నలభై దాటిన అమ్మానాన్నలకు ఒక దిగులుంది. తాము అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని, క్లాసు పుస్తకం మధ్యన దాచుకుని చదివిన నవలల్ని పిల్లలు ముట్టరు. "తెలుగా? మస్తు లావున్నది మమ్మీ" అంటారు. ఇంగ్లిష్ మీడియం పిల్లకు రెండొందల పేజీల తెలుగు నవల ఇచ్చి చదవమనడమంటే, ఈత రానివాణ్ణి సాగర్ ఎడమ కాలువలో దించడమే. పిల్ల తప్పేం లేదు.

సినిమా దారిన రండి. చాలా ఇళ్లలో 'మీనా' బాగా పనిచేస్తుంది. యద్దనపూడి సులోచనారాణి నవల అది. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో, కృష్ణ హీరోగా సినిమా అయింది. 2016లో త్రివిక్రమ్ 'అ ఆ' వచ్చినప్పుడు నవల చదివినవాళ్లు చప్పున గుర్తుపట్టారు: తల్లి పెత్తనం కింద పెరిగిన పట్నం పిల్ల బంధువుల పల్లెకు రావడం. పిల్లలు 'అ ఆ' టీవీలో ఇప్పటికే పదిసార్లు చూసుంటారు. ఒక ఆదివారం నానమ్మను పక్కన కూర్చోబెట్టి, నవల్లో ఆ తల్లి ఎట్లా ఉండేదో చెప్పమనండి. వారపత్రికల్లో సీరియల్ కాగితాలు చింపి, కుట్టి, బైండు చేయించుకున్న తరం ఆవిడది. చెప్పడం మొదలుపెడితే ఆగదు. పిల్ల ఎక్కడో ఒకచోట "సినిమాలో అట్ల లేదు గదా" అంటుంది. ఆ మాట వచ్చాకే పుస్తకం బయటికి తీయండి, ముందు కాదు. రాత్రిపూట నాలుగు పేజీలు మీరే పైకి చదవండి.

సినిమా ముందు చూస్తే చదవాలన్న కోరిక చస్తుందని కొందరి భయం. తెలుగు అక్షరం కూడబలుక్కునే పిల్లలకు నా లెక్కలో సినిమా ముందే నయం. మనుషులెవరో, ఊరేదో తెలిసుంటే వాక్యంతో కుస్తీ తగ్గుతుంది. ధారాళంగా చదివే పిల్లయితే పుస్తకమే ముందివ్వండి.

తొమ్మిదో తరగతి దాటినవాళ్లకు మనదైన జత ఒకటుంది. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల ఆధారంగా బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ 'మాభూమి' తీశాడు. 1980లో విడుదలైంది, నిర్మాతల్లో బి. నర్సింగరావు ఒకరు. కథ మాత్రం మన తెలంగాణ సాయుధ పోరాటానిది. నవల ఉరికి ముందు రాత్రి జైల్లో ఉన్న రాఘవరావు తలపోతలతో మొదలవుతుంది. సినిమా పల్లెలో రామయ్య బతుకు వెంట నడుస్తుంది. ఎందుకు మార్చారంటారని పిల్లల్ని అడగండి, జవాబు మీరు చెప్పకండి. కొన్ని దృశ్యాలు కటువుగా ఉంటాయి. పక్కనే కూర్చోండి, ఫోను చూసుకుంటూ కాదు. ఆ రోజుల గురించి తన నాయన చెప్పిన ముచ్చట్లు తాతకు గుర్తుంటాయి, ఆయన్నీ పిలవండి. ఇంకా తెలుసుకోవాలనుంటే మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' ఉంది. ఆమె పుట్టిన కరివిరాల కొత్తగూడెం సూర్యాపేట జిల్లాలోనిదే.

'తులసిదళం' లాంటి చేతబడి నవలలు పన్నెండేళ్లవాళ్లకు వద్దు. చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టిన వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం. పెద్దయ్యాక ఇచ్చినా ఆ సంగతీ మాట్లాడే ఇవ్వాలి.

కథ రూపం మారిందని మరీ బాధపడకండి. పిల్లలమర్రి పినవీరభద్రుడు పదిహేనో శతాబ్దంలోనే కాళిదాసు నాటకాన్ని 'శృంగార శాకుంతలం' కావ్యంగా మార్చుకున్నాడు. ఆ ఇంటిపేరు మన సూర్యాపేట పక్కనున్న ఊరిదేనంటారు. 'నవల ముందు సినిమా ఎంత' అని మీరు పెదవి విరిస్తే చర్చ అక్కడే చచ్చిపోతుంది. నిజానికి కొన్నిచోట్ల సినిమాయే మేలు. 'ప్రేమనగర్' పాటలు కోడూరి కౌసల్యాదేవి నవలలో ఎక్కడ దొరుకుతాయి?

ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉండాలి. వాళ్లు హ్యారీ పాటర్ ఇస్తే మీరూ చదవాలి, బోరు కొడితే కొట్టిందని చెప్పాలి. నేను మూడో భాగం దగ్గర ఆగిపోయాను. మా అమ్మాయి వారం రోజులు "ఎక్కడిదాకా వచ్చినవ్ డాడీ?" అని అడిగింది. ఒకప్పుడు నేను తనను అడిగిన గొంతుతోనే. బజారులో నాలుగిళ్లవాళ్లు కలిసి నెలకో పుస్తకం మార్చుకుంటే ఇంకా మంచిది. మన పిల్ల మన మాటకన్నా పక్కింటి అక్క చదివిందంటేనే తొందరగా తెరుస్తుంది.

మొన్న బీరువా పైనున్న 'సెక్రటరీ' నవల కనబడలేదు. ఎవరు తీశారని అడిగితే మా అమ్మాయి, "నానమ్మ దగ్గరున్నది, ఆమె అయినంక నాదే. నువ్వు మాత్రం చివర్ల ఏమైతదో చెప్పకు" అంది.