మందుబిళ్ళ ఎవరి చేతిలో ఉండాలి?

పక్షవాతం వచ్చిన మా తాతయ్యను నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉంచారు. నడక నేర్పారు, చెంచా పట్టడం నేర్పారు. మందులు మాత్రం పూటపూటా నర్సమ్మే తెచ్చి వేసేది. ఇంటికొచ్చిన నాలుగో రోజున, రక్తపోటు మాత్ర వేసుకున్న సంగతి మరచి మళ్ళీ వేసుకుని, వాకిట్లో కళ్ళు తిరిగి పడ్డాడు. ఎకరాకు ఎరువెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి, తన మాత్ర ఏదో ఎవరూ నేర్పలేదు!

పునరావాస చికిత్స అంటే పోయిన శక్తిని అభ్యాసంతో తిరిగి తెచ్చుకోవడమే కదా! నడకకు కావలసిన అభ్యాసం మందులకు మాత్రం అక్కర్లేదా? బ్రిటన్‌లో చాలా ఆసుపత్రులు వార్డులోనే ఈ అభ్యాసం చేయిస్తాయి. ఇందులో సాధారణంగా మూడు మెట్లుంటాయి. మొదట నర్సు మందు ఇస్తూ అది దేనికో చెబుతుంది. తర్వాత రోగి వేళకు తానే అడిగి, ఆమె ఎదుట వేసుకుంటాడు. చివరకు మంచం పక్కన తాళమున్న సొరుగులో మందులు అతని వద్దే ఉంటాయి; నర్సు లెక్క చూస్తుంది. మెట్టు ఎక్కించేముందు చీటీ చదవగలడా, బలం తగ్గిన చేత్తో మాత్ర తీయగలడా అని పరీక్షిస్తారు. మతి స్థిమితం తప్పినా, ప్రాణం తీసుకునే తలంపు ఉన్నా మందులు చేతికివ్వరు.

దీని వెనుక సైన్సూ ఉంది. అర్ధాయువు అనగానే మనకు రేడియో ధార్మికత గుర్తొస్తుంది. మందులకూ అది ఉంది. పార్కిన్సన్ వ్యాధికి కార్బిడోపాతో కలిపి ఇచ్చే లెవోడోపా అర్ధాయువు సుమారు గంటన్నర. అంటే మూడు గంటలకు రక్తంలో మిగిలేది పావు వంతే. వార్డంతా తిరిగొచ్చేసరికి నర్సు ఆలస్యమైతే రోగి బిగుసుకుపోవచ్చు. అందుకే మందు వేళకు అందాలని 2006లో బ్రిటన్‌లో 'గెట్ ఇట్ ఆన్ టైమ్' ఉద్యమం మొదలైంది. తన వేళ తెలిసిన రోగి చేతిలో మాత్ర ఉంటే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

దీర్ఘవ్యాధులకు మందులు సక్రమంగా వాడేవారు సంపన్న దేశాలలోనే సగటున 50 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదిక తెలిపింది. మన వార్డుల్లో మందుల సంచీ తరచు బంధువుల చేతిలోనే ఉంటుంది. ఇంటికి పంపే ముందు వారం రోజులైనా, డాక్టరు అనుమతితో, నర్సు కళ్ళెదుట దాన్ని రోగికి అప్పగిస్తే ఖర్చేముంది?

ఇప్పుడు మా తాతయ్య డబ్బాలమీద నేను గీసిన సూర్యుడు, చంద్రుడు ఉన్నారు. మాత్ర వేసుకోగానే గోడమీద బొగ్గుతో గీత పెడతాడు. ఆ గీతలు వార్డులోనే మొదలై ఉంటే ఆనాడు వాకిట్లో పడేవాడు కాడేమో!